రాణిగారి నోట అమ్మ పేరు

అన్నయ్యా,

ఓడ దిగగానే ముందు ఇది చదువు. యుద్ధంలో పోయినవాళ్ల స్మారక శిల ఆవిష్కరించడానికి నిన్న రాణిగారు మన స్కార్విక్ వచ్చారు. శిల మీద సైనికుల పేర్లే చెక్కారు, అమ్మ పేరు లేదు. "తుపాకీ పట్టినవాళ్లే చచ్చారా?" అని మునిసిపాలిటీవాళ్లతో గొడవపడ్డ గున్‌వోర్ పెద్దమ్మ, సభకు రానని మొండికేసింది. నేనే బతిమాలి తీసుకెళ్లాను.

రాణిగారు ఆమె చేయి పట్టుకుని, "పారిపోయి వచ్చినవాళ్లను పడవలో అవతలి ఒడ్డుకు చేర్చింది మీరేనట కదా, భయం వెయ్యలేదా?" అన్నారు.

"భయపడే తీరికేదమ్మా? పడవలోకి వచ్చిన నీళ్లు తోడుతూ కూర్చున్నా. తెడ్లు వేసింది మా చెల్లెలు సిగ్రున్. తూటా తగిలినా ఒడ్డు చేరేదాకా వదల్లేదు, చేరాక పోయింది. దాని పేరే ఈ రాయి మీద లేదు," అంది పెద్దమ్మ.

మేయరు మొహం మాడిపోయింది. రాణిగారు మైకు దగ్గరికెళ్లి, రాసి తెచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, "సిగ్రున్" అన్నారు. ఊరంతా లేచి నిలబడింది అన్నయ్యా! జాలరులు టోపీలు తీశారు. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ మాత్రం, "ఇంటిపేరు కూడా చెప్పండమ్మా, ఈ ఊళ్లో సిగ్రున్‌లు చాలామంది!" అని కూర్చున్నచోటి నుంచే కేకేసింది.

రాణిగారు నవ్వి, ఇంటిపేరు అడిగి తెలుసుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పారు.

నీ చెల్లెలు