పోచం బావ కడుపుల చిన్న రాళ్లు

జూన్ 3
పోచం బావ స్కానింగ్ కాయితం క్యాంటీన్ల చూపెట్టిండు. గాల్‌బ్లాడర్ల రాళ్లు — చిన్నయి, మస్తుగున్నయి. ఆపరేషన్ చేపిచ్చుకొమ్మన్నరట. నేను ఊకుంటనా? నిరుడు నాకు తీసిన రాయి సీసల దాచిన గదా, తెచ్చి బల్ల మీద పెట్టిన. రేగుపండంత. "రాయంటే గిది బావా! నీయి ఆవాలు. ఆవాలకు కడుపు కోయిచ్చుకుంటవా? సిక్కు లీవుకు మంచి నాటకం!" షిఫ్టంత పడి పడి నవ్విండ్రు. ఆయన సుత నవ్విండు.

జూన్ 5
బావ ఆపరేషన్ వద్దనుకున్నడు. డ్యూటీకొచ్చిండు. అందరు "ఆవాల పోచం" అంటున్నరు. పేరు పెట్టింది నేనే...

జూన్ 14
బావ డ్యూటీకి రాలే. పక్కబొక్కల కింద నొప్పి లేసి వీపుల దాక గుంజుతుందట. ఫోన్ చేసి "పోపు మాడుతుందా బావా?" అన్న. పెట్టేసిండు.

జూన్ 16
కండ్లు పచ్చగైనయట. కరీంనగర్ తీస్కపోయిండ్రు.

జూన్ 17
పోయి చూసిన. డాక్టరమ్మ కాయితం మీద బొమ్మ గీసింది. పెద్ద రాయి ఎక్కువ సంచిల్నే ఉంటది, మూతికి అడ్డం పడితే నొప్పి. చిన్నయి జారుతయి, కింది గొట్టంల ఇరుకుతయి — కామెర్లు, పాంక్రియాస్ వాపు. బావకు రెండూ అయినయి. "చిన్నయే గదా అని ఊకున్నరా?" అన్నది.
ఇరవై ఏండ్లు బొగ్గు బాయిల చేసిన. పైకప్పు కెళ్లి చిన్న పెళ్ల రాలితే చాలు, "ఉరుకుండ్రి" అని మొదలు ఒర్రేది నేనే. గింత తెలిసినోన్ని... తెల్వక అనలే. నవ్వియ్యాలని అన్న, గంతే.

జూన్ 19
బావ పెండ్లాం సరోజ వరండల ఏడుస్తుంది. "ఎవడో ఆపరేషన్ వద్దన్నడటన్నా. ఈయన పేరు చెప్తలేడు. వాని నోట్ల మన్నువడ!" తల ఊపిన. ఊపిన! థూ.
లోపటికి పోతే బావ కండ్లు తెరిచి — "చెప్పలే" అన్నడు. తిట్టినా బాగుండు.

జూన్ 20
రేపు పొద్దుగాల నోట్లకెళ్లి పైపు పంపి ఇరికిన రాయి తీస్తరట. ఏం చెప్పలేమంటున్నరు. సరోజకు చాయ్ తెచ్చిచ్చిన.
"చెల్లే, ఒక మాట..."
"చెప్పన్నా. నువ్వున్నవనే ధైర్యంగున్న."
"...సల్లగైతుంది, తాగు."