పద్నాలుగో నిబంధన

నందికొట్కూరు,
9 నవంబరు 2025, ఆదివారం.

మిత్రుడు భూపేష్‌కు శ్రీకాంత్ నమస్కారాలు.

ఇక్కడ నేను, మధులత క్షేమం. కడపలో నువ్వు, ఇంట్లోవాళ్లు బాగున్నారని తలుస్తాను. మర్యాదలు ఇంతటితో సరి, మిగతాదంతా కోపమే.

నీ పుస్తకం చేరింది. 'కోట ఆట నియమావళి, నాలుగో కూర్పు', నూట పన్నెండు పేజీలు, చివర పట్టికలు వేరే. ఆట పుట్టింది నా వరండాలో కాబట్టి ముందుమాట నేనే రాయాలని ఫోన్‌లో అన్నావు. రాయను. ఎందుకు రాయనో ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఈ ఉత్తరం.

ఆట పుట్టిన రోజు గుర్తు చేసుకో. జయపాల్ తను పనిచేసే రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నాపరాతి ముక్కలు సంచిలో వేసుకొచ్చాడు. చదరపువి కాలిబంట్లు, పొడుగువి గుర్రాలు, గుండ్రంగా అరగదీసినవి ఫిరంగులు. వరండా బండల మీద సుద్దముక్కతో కోట, వాగు, రెండు బావులు గీశాం. నిబంధనలన్నీ ఒక అట్టముక్క మీద పట్టాయి. కాలిబంటు జానెడు నడుస్తాడు, గుర్రం రెండు జానలు. ఎదురుపడితే పాచిక, ఎక్కువ పడినవాడు నిలుస్తాడు. రెండు ఎత్తులకొకసారైనా బావి ముట్టని దండు సగమే నడుస్తుంది. ఇంకో నాలుగు మాటలు, అంతే. రెండో తరగతిలోనే బడి మానేసిన జయపాల్‌కు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలింది.

ఆ అట్టముక్క చాలదని నీ వాదం. యుద్ధంలో గాలి ఉంటుంది, బురద ఉంటుంది, బంటు గుండెదిటవు ఉంటుంది, అవన్నీ లెక్కలోకి రావాలంటావు. ఫిరంగి గురికి ఒక పట్టిక, గుర్రం వయసుకు ఒక పట్టిక. సీమలో పుట్టినవాడికి దాహం గురించి పట్టిక కావాలా భూపేషూ? బావి నిబంధన ఒక్క వాక్యం. దాంతో జయపాల్ ఏం చేశాడో నువ్వూ చూశావు. నా గుర్రాలన్నీ కోట గుమ్మం మీదికి ఉరికితే, అతను కోటనే వదిలేసి కాలిబంట్లను తీరిగ్గా రెండు బావుల చుట్టూ కూర్చోబెట్టాడు. నాలుగో ఎత్తుకు నా గుర్రాలు ఈడ్చుకుంటూ నడిచాయి. నా సైన్యానికి నీళ్ల ట్యాంకరు పిలిపించమని నువ్వే ఎగతాళి చేశావు. ఆ ఎత్తు ఏ పట్టికలో ఉంది? పులిజూదానికి ఎవరు రాశారు పుస్తకం? బండ మీద నాలుగు గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. ముసలివాళ్లు చచ్చేదాకా ఆడినా ఆ ఆట వాళ్లకు పాతబడలేదు.

లావు పుస్తకం ఎవరికి పనికొస్తుందో నాకు చెప్పొద్దు. ముప్పై ఏళ్లుగా రైతుకూలీ సంఘం పని చేస్తున్నవాణ్ణి. కూలిమనిషి కచేరీకి పోతే ఎవరూ మెడపట్టి గెంటరు. ఫలానా ఫారం అంటారు, ఫలానా సెక్షన్ అంటారు, మళ్లీ సోమవారం రమ్మంటారు. తప్పు తనదేననుకుని అతనే తిరిగొస్తాడు. నీ నూట పన్నెండు పేజీలు చేసిందీ ఆ పనే. మీ కడప బల్ల చుట్టూ ఇప్పుడు ఎవరున్నారు? ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఆడిటరు, నువ్వు. ఆట ఒక గంట, తగవు మూడు గంటలు.

పద్నాలుగో నిబంధన తీసుకో. ప్రతి ఎత్తుకు ముందు సేనాని తన ఆజ్ఞను చీటీ మీద రాసి బోర్లించాలి. చీటీలో లేని కదలిక చెల్లదు. నిజమైన సేనానులు రాతలోనే ఆజ్ఞ ఇస్తారని కింద వివరణ ఒకటి. పాలెగాళ్ల దండుల్లో ఎందరికి రాయడం వచ్చేదో కనుక్కున్నావా? రెండో కూర్పు పట్టుకుని నువ్వు మా ఇంటికి వచ్చిన ఆదివారం, జయపాల్ చర్చిలో ఆరాధన ముగించుకుని ఇస్త్రీ చొక్కాతో నేరుగా వచ్చాడు. నువ్వు అతనికి ఎదురుగా కూర్చుని చీటీల కట్ట ముందుకు జరిపావు. అతను ఒక చీటీ తిప్పి చూశాడు. పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. చెబితే నువ్వే రాసిపెడతానన్నావు. ఎదుటి సేనానికి తన ఎత్తు చెప్పి రాయించుకోవాలా? ఫ్యాక్టరీలో పనుందని లేచిపోయాడు. ఆదివారం ఫ్యాక్టరీ మూత అని మన ముగ్గురికీ తెలుసు. మూడేళ్లయింది, మళ్లీ గడప తొక్కలేదు.

పోయిన వారం నేనే అతని ఇంటికి పోయాను. అతని భార్య విశ్వాసమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. యుద్ధానికి మనుషులు తక్కువైనారా సారూ అని ఎత్తిపొడిచి, కుర్చీ మాత్రం వేసింది. భూపేష్ పుస్తకం అవతల పారేద్దాం, పాత అట్టతోనే ఆడదాం రమ్మని జయపాల్‌ను అడిగాను. గోళ్లలో ఇరుక్కున్న రాతిదుమ్ము గీక్కున్నాడు. తర్వాత అన్నాడు:

"ఆట మింద నాకేం కోపం ల్యా సారూ. నేను గెలిచినప్పుడల్లా మీ మొగాలు యెట్ల మారతాండెనో నాకు కనపడతానే ఉండె. ఆ చీటీ ల్యాకుంటే ఇంగోటి తెచ్చుందురు. నన్ను ఇడిసిపెట్టు."

కాబట్టి నా మాట ఇది. పద్నాలుగో నిబంధన కొట్టెయ్. కొట్టేసి, నువ్వే నందికొట్కూరు వచ్చి, జయపాల్ వాకిట్లో నిలబడి పిలువు. అతను మళ్లీ బల్ల ముందు కూర్చున్న రోజు నీకు ముందుమాట రాసిస్తాను. అతను రాకపోతే ఆ పుస్తకం మీద నా పేరు కనిపించడానికి వీల్లేదు.

కోపం ఇంకా తీరని నీ
శ్రీకాంత్

తా.క.: ఉత్తరం మధులతకు చదివి వినిపించాను. ఇంత రాసి అసలుది రాయలేదే అని అడిగి లోపలికి పోయింది. రాస్తున్నాను. రెండో కూర్పుకు ముందు నువ్వు ఆటగాళ్లను సలహాలు అడిగావు. కర్నూలు నుంచి టైపు చేసిన కాగితం ఒకటి వచ్చింది, కింద పేరు లేదు, 'ఒక ఆటగాడు' అని మాత్రం ఉంది. నీకు తెగ నచ్చి, వివరణతో సహా మాటకు మాట అచ్చేశావు. అదే పద్నాలుగో నిబంధన. ఆ ఆటగాణ్ణి నేనే. నా చేతిరాత గుర్తుపడతావని కర్నూలుకు పోయి డీటీపీ చేయించాను. అప్పటికి వరసగా ఆరు ఆదివారాలు జయపాల్ చేతిలో ఓడిపోయి ఉన్నాను. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో అతని పేటలో పలకలు పంచినవాణ్ణి. అతనికి రాయడం రాదని నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి ఒప్పుకోవడానికే పోయిన వారం వాళ్లింటికి పోయాను. నీ పేరు చెప్పి, టీ తాగి వచ్చాను.