ప్రాగ్‌కు కుక్కర్ రాదు

ట్రాయ్, మే 6

అక్కయ్యకు, మేమందరం క్షేమం.

జూన్‌లో మూడు రోజులు ప్రాగ్ నగరం చూడటానికి వెళ్తున్నాం. మా అబ్బాయి అనీష్ వంటగది ఉన్న ఫ్లాట్ బుక్ చేశాడు. మీ మరిది రైస్ కుక్కర్ సర్దారు. “నువ్వు బయట తినవు కదా, నీ కోసమే” అన్నారు. “నాకు పళ్ళూ పాలూ చాలు. మరి వంట ఎవరికండీ?” అన్నాను. కుక్కర్ తీసి అలమరలో పెట్టేశాను, ఫ్లాట్ మాన్పించి హోటల్ గది తీయించాను. రోమ్ వెళ్ళినప్పుడు నేను చూసింది పొయ్యినే. ఈసారి ప్రాగ్‌లోని పాత రాతి వంతెన మీద సహస్రనామం చదువుకుంటూ నడుస్తాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ప్రయాణానికని మాగాయ మాత్రం పంపకు. సీసా కనబడితే మళ్ళీ అన్నం వండమంటారు.

నీ చెల్లెలు,
త్రివేణి