సిలిండర్ రేపల్లెలో, ఓటీపీ బెంటన్‌విల్‌లో

బావా,

ఇంట్లో గ్యాస్ నా పేరు మీద ఉండబట్టి డెలివరీ ఓటీపీ నా ఇండియా నంబరుకే వస్తుంది. ఇన్నాళ్ళూ ఇక్కడ అమెరికా నుంచే చదివి చెప్పాను. ఈసారి చెప్పలేకపోయేసరికి సిలిండర్ గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్ళిందట. అక్క కట్టెల పొయ్యి ఊదుతూ నన్ను తిడుతోందట. తిట్టనీ.

తప్పు కొత్త ఫోన్‌ది. ఇక్కడి సిమ్ కంపెనీ దగ్గరే వాయిదాల మీద కొన్నాను, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. కొత్తదానికి రెండు సిమ్‌లు పడతాయన్నారు గానీ, మన సిమ్ వేస్తే డబ్బున్న చుట్టంలా గుర్తుపట్టనట్టు ఊరుకుంది. పక్కింటి హంసిక చూసి, "అంకుల్, ఫోన్ లాక్ చేశారు. మొత్తం పే చేసేదాకా వేరే కంపెనీ సిమ్ వర్క్ అవ్వదు" అంది. రెండు కుర్చీలు వేసి, రెండోదాంట్లో మాత్రం కూర్చోవద్దన్నట్టుంది వీళ్ళ వరస.

అందుకే సిమ్ ఈ కాగితానికే టేపుతో అంటించాను. నేను డబ్బా అని వెక్కిరించానే, నీ బటన్ల ఫోను, దాంట్లో వెయ్యి. అది ఎవరి పర్మిషనూ అడగదు.

ఓటీపీ వచ్చాక గ్యాసతనికి చెప్పు, నాకు ఫోన్ చేసి మాత్రం చెప్పకు. నా ఫోన్ ఇంకో ముప్ఫై నెలలు కంపెనీదే. పరాయివాళ్ళ ముందు ఇంటి విషయాలెందుకు?

వాయిదాల్లో ఉన్న
నీ బావమరిది