తాతయ్య మార్కుల రిజిస్టరు

మాయాబందర్,
2024 నవంబరు 14, గురువారం.

ప్రియమైన మనవరాలు సిల్వియాకు నాయనమ్మ దీవించి రాయునది.

ప్రభువు దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం అని ప్రతి ఉత్తరంలోనూ మొదటి వాక్యంగా రాస్తాను. ఈసారి ఇద్దరమూ ఉన్నామని, వేళకు తింటున్నామని మాత్రమే రాయగలను. విశాఖలో నువ్వు క్షేమమని, హాస్టల్లో నీళ్ల ఇబ్బంది తగ్గిందని తలుస్తాను.

అక్టోబరు 30న రాసిన నీ ఉత్తరం ఈ నెల 9న అందింది. ఫోను ఉండగా ఈ ఉత్తరాలెందుకని పోర్ట్ బ్లెయిర్ నుంచి మీ నాన్న బెన్‌హర్ నవ్వుతూనే ఉంటాడు. నెలకొకటి తెలుగులో రాసుకోవాలన్నది నీకూ నాకూ ఉన్న ఒప్పందం. పైగా ఫోనులో మాట్లాడితే పక్కన కూర్చుని మీ తాతయ్య వింటారు. ఈ ఉత్తరంలోని సంగతి ఆయన వినకూడదు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబు రాస్తాను, మూడోది తప్ప. దాన్ని చివరికి తోశాను. కష్టమైన ప్రశ్నను చివరికి వదిలే పిల్లల్ని ముప్ఫై నాలుగేళ్లు తిట్టినదాన్ని. ఇవాళ నేనూ అదే చేస్తున్నాను.

మొదటిది చర్చి పైకప్పు. అక్టోబరు గాలివానకు లేచిపోయిన రేకులు పదకొండు. తొమ్మిది వేశారు. ఆడవాళ్ల వైపు ఇంకా కారుతోంది. గొడుగులు తెచ్చుకుని పాటలు పాడుతున్నాం.

రెండోది నా పడాక్ కర్ర స్కేలు. బి.ఇడి. పిల్లలంతా బడులకు పాఠాలు చెప్పడానికి వెళ్తున్నారని, మాకు పెళ్లయిన ఏడాది తాతయ్య స్వయంగా చిత్రిక పట్టి చేసిన ఆ స్కేలును గుర్తుగా పంపమని రాశావు. పంపలేను. కారణం మూడో ప్రశ్నలోనే ఉంది.

నాలుగోది, తాతయ్య ఫోనులో నిన్ను "ఎవరండీ మీరు" అని ఎందుకన్నారని. సిగ్నలు బాగాలేదని ఆ రోజు నీతో అన్నాను. సిగ్నలు బాగానే ఉంది. ఆయనకు నువ్వు గుర్తు రాలేదు.

ఇది జూన్‌కు ముందే మొదలైంది. రొట్టెకని వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చేవారు. చెప్పులు బియ్యం డబ్బాలో పెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పడవ నడిపిన సారంగు, ఈ సముద్రపు ఖాడీలో ఏ మూల ఎంత లోతో చెప్పగల మనిషి, మన వీధి మలుపులో నిలబడి ఇల్లెటో అని చూస్తుంటే నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. రిటైరైన మగవాళ్ల బద్ధకం. పాస్టరుగారు వచ్చి ఏదైనా అడిగితే ఆయన నోరు విప్పేలోపు నేనే జవాబు చెప్పేసేదాన్ని. మన ఇంటి సంగతి బయటికి పొక్కకూడదనుకున్నాను.

బద్ధకానికి నాకు తెలిసిన వైద్యం ఒకటే. జూన్ 10 సోమవారం కొత్త రిజిస్టరు తెరిచాను. రోజూ సాయంత్రం నాలుగింటికి పది ప్రశ్నలు. ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నారు, ఆదివారం వాక్యం ఎక్కడిది, ఇలాంటివి. పదికి మార్కులు. జూన్‌లో ఏడు వచ్చేవి. ఆగస్టుకు నాలుగు. "ఏటే టీచరమ్మా, నీ పరీక్షలు ఇంకా అవ్వలేదా?" అని మొదట్లో నవ్వేవారు. తరవాత నవ్వడం మానేశారు. గడియారంలో చిన్న ముల్లు నాలుగు దగ్గరికి వస్తుంటే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

సెప్టెంబరు 28న ఆయన చేతికి మన ఊరి ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టించాను. జెట్టీ మెట్ల మీద నాచుకు జారి పడ్డారని చెప్పాను. అక్టోబరు 4న ఆ కట్టు మార్చడానికి నర్సు సౌమ్య ఇంటికొచ్చింది. మూడో తరగతిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. కట్టు విప్పుతూ, "జెట్టీ మీద ఎలా జారిపోయావు తాతా?" అంది.

"జెట్టీయా? జెట్టీకెప్పుడెళ్లానమ్మా నేను?" అన్నారు ఆయన.

సౌమ్య నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపి, మరిచిపోయారన్నట్టు నుదుటి మీద వేలు తట్టాను. అప్పుడా పిల్ల కూర్చుని ఆయన్ని మరికొన్ని అడిగింది. లేచి, "బుధవారం తీసుకురండి టీచర్, డాక్టరు మేడం చూస్తారు" అంది.

"మా ఇంట్లో పిచ్చివాళ్లు లేరు" అన్నాను.

"పిచ్చి అని నేనన్నానా? బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, ఇదీ చూస్తాం. అదే గది, అదే చీటీ. ఆయన పడవ ఇంజను ఆగిపోతే మెకానిక్‌ని పిలవకుండా ప్రార్థన చేసుకుంటూ కూర్చునేవారా?"

దానికి తాతయ్య నవ్వారు. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు.

9న ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. డాక్టరమ్మకు తెలుగు రాదు. "దాదాజీ, ఆజ్ కౌన్ సా దిన్ హై?" అని అడిగింది.

"దిన్ తో మాలూమ్ నహీఁ మేడం. పానీ ఉతర్ రహా హై."

వారం తెలియదు, సముద్రం నీరు వెనక్కి తీస్తోంది అన్నారు. డాక్టరమ్మ లేచి కిటికీలోంచి చూసింది. మడ చెట్ల కింద బురద తేలుతోంది. ఆయన చెప్పింది నిజమే. గడియారం బొమ్మ గీయమంటే మాత్రం అంకెలన్నీ ఒక పక్కకే పోగేశారు.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే నేను రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాను. గర్వంగానే పెట్టాను, అది కూడా రాస్తున్నాను. ఇంత వివరంగా ఎవరూ తేలేదని డాక్టరమ్మ అంది. సౌమ్య ఒక్కొక్క గడీ చదివి హిందీలో చెబుతూ పోయింది. తేదీ, ప్రశ్న, జవాబు, మార్కు. చివరి గడి దగ్గర ఆగింది. దానికి పేరు లేదు. నిలువు గీతలు మాత్రం ఉన్నాయి.

"ఇదేంటి టీచర్?"

"ఎన్నిసార్లు మళ్లీ అడిగానో గుర్తు" అన్నాను.

సౌమ్య ఆ మాటను హిందీలోకి మార్చలేదు. బయట మందుల కిటికీ దగ్గర నెమ్మదిగా అంది: "ఆ గీతలు నాకు తెలుసు టీచర్. హాజరు పట్టీలో నా పేరు పక్కన కూడా ఉండేవి. మేడంతో మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్పాలి."

ఇదీ నీ మూడో ప్రశ్న. నీకొచ్చిన ఫోటోలో తాతయ్య కుడి చేతికి కట్టు ఎందుకని అడిగావు.

నేను కొట్టాను.

తప్పుకు ఒక దెబ్బ, అరచేతిలో, పడాక్ స్కేలుతో. దెబ్బకొక గీత. జూలై నుంచి ఉంది. గట్టిగా కాదని నాకు నేను చెప్పుకున్నాను. సెప్టెంబరు 27 శుక్రవారం ఏడో ప్రశ్న నీ పేరు. "ఏ మనవరాలు?" అన్నారు. స్కేలు అంచు తిప్పి వేళ్ల మీద మూడుసార్లు కొట్టాను. చూపుడువేలు ఎముక చిట్లింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నన్ను చూసి, "ఇంకెప్పుడూ మర్చిపోను టీచర్, మా ఇంట్లో చెప్పకండి" అన్నారు. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో నేనెవరో ఆయనకు తెలియకపోవడం అదే మొదలు.

నీ పేరు మరిచినందుకు ఇలా జరిగిందని నువ్వు బాధపడకు. ఆ రోజు ఏ ప్రశ్నకైనా కొట్టేదాన్నే.

జెట్టీకి వెళ్లలేదని సౌమ్యతో ఆయన అన్నది నిజం. సరైన జవాబును తప్పని దిద్దాను.

అక్టోబరు 23న మళ్లీ వెళ్లాం. ఆయన రక్తంలో బి-12 తక్కువగా ఉందట, థైరాయిడ్ కూడా బాగాలేదట. మందులిచ్చారు. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రి డాక్టరు కంప్యూటరు తెర మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. వీటివల్ల కొంచెం తేట పడవచ్చు గాని అసలు మరుపు జబ్బు వెనక్కి పోదన్నారు. తరవాత డాక్టరమ్మ నన్ను కూర్చోమని, నా గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగింది. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా అని. అన్నిటికీ బాగానే ఉందన్నాను. ఇంట్లోవాళ్ల విషయంలో తప్పు చేశానని అనిపిస్తోందా అన్న దగ్గర మాత్రం ఆ మాట అనలేదు. అంతా చెప్పాను. సౌమ్య ఒక్క మాట వదలకుండా హిందీలోకి మార్చింది. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది. డాక్టరమ్మ నా పేరున వేరే చీటీ రాసి, నాకూ మాత్రలిచ్చింది. సోమ, శుక్రవారాల్లో సౌమ్య ఇంటికొచ్చి చూసి పోతుంది. పరీక్షలు ఆపాలి. ఇంకొక షరతు కూడా పెట్టింది. కుటుంబంలో మరొకరికి ఈ సంగతి నేనే చెప్పాలి, ఎవరికి చెప్పానో పేరు తేవాలి. మూడు బుధవారాలు ఇంకా లేదని చెప్పి తిరిగొచ్చాను. వచ్చే బుధవారం నీ పేరు చెబుతాను. మీ నాన్నకు చెప్పాలో వద్దో నువ్వే నిర్ణయించు. వాడు తాతయ్యను పోర్ట్ బ్లెయిర్ తీసుకుపోతానంటే అడ్డు చెప్పను. ఆ హక్కు నాకు లేదు.

స్కేలును నీళ్ల పొయ్యిలో పెట్టాను. పడాక్ కర్ర తొందరగా అంటుకోదు. మధ్యాహ్నం దాకా పొగ వచ్చింది. రేపు నువ్వూ పిల్లల ముందు నిలబడతావు. చేతిలో ఏమీ లేకుండా నిలబడు.

ఇప్పుడు నాలుగింటికి ప్రశ్నలు లేవు. ఆయన మాత్రల వేళ అది. మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంటాను. వారం గుర్తులేదు, నా పేరు రోజు మార్చి రోజే గుర్తు. కాని నేను కూర్చోగానే కుడి చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుంటారు. ఎవరూ అడగకుండానే. అదొక్కటే మరవలేదు. ఆ చేతిలో మాత్ర పెట్టి కూర్చుంటాను. ఆయన కళ్లు తెరవడానికి కొంతసేపు పడుతుంది.

ఇట్లు,
నీ జవాబు ఎలా ఉన్నా చదవడానికి సిద్ధంగా ఉన్న
మీ నాయనమ్మ,
పుష్పవతి