ముబీనాను మళ్లీ చేర్చుకోండి

ప్రిన్సిపాల్ మేడం గారికి, మీ హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదివే ముబీనా నాన్నమ్మ, దాని దాదీ, లక్సెట్టిపేట నుంచి సలాం చేసి రాస్తున్నది.

మొన్న మీరు టీసీ చేతిలో పెట్టి, ఇక బడికి రావద్దంటే, చెప్పాల్సింది చెప్పకుండానే బిడ్డను తీసుకొని వచ్చేశాను. అందుకే రాస్తున్నాను, తప్పులుంటే కోపం చేయకండి. సగం సంవత్సరంలో ఇంకే బడి చేర్చుకుంటుందో అని ఒకటే ఫికర్.

హాస్టల్లో పరుపు కాలింది నిజమే. ఎవరికీ ఏమీ కాలేదు, అల్లా దయ. కానీ పిల్ల ఆకతాయితనంతో అగ్గిపుల్ల గీయలేదు మేడం. మా ఇంట్లో గురువారం సాయంత్రం, పోయినవాళ్ల పేరు మీద ఫాతెహా చదివి ఊదుబత్తి వెలిగిస్తాం. దాని తల్లి, నా కోడలు, మొన్న రంజాన్ తర్వాతే పోయింది. హాస్టల్లో ఉన్నా ఆ పని మరవొద్దని చెప్పింది నేనే. పరుపుకు దూరంగా పెట్టమని చెప్పాలని నాకు తోచలేదు.

బిడ్డ అన్నం సరిగా తినడం లేదు. నిన్న నా కొంగు పట్టుకొని, "దాదీ, ఇగ అమ్మీని యాది చెయ్యనని మేడంకు చెప్పు. జర లోపటికి రానియ్యుమను" అన్నది.

అగ్గిపెట్టె ముట్టనని దానితో ఒట్టు వేయించుకోండి మేడం, వేస్తుంది. అమ్మీని యాది చెయ్యనన్న మాట మాత్రం అనిపించకండి.