కోనం ముక్కలూ, వెన్నా, మీ అమ్మా

బావా, రేవులో చేపల వేలంపాటకి టైమైపోయింది, వెళ్తున్నా. నీ ఫోన్లో చూపించావే, కారం పట్టించి వేపిన ముక్కలు, ఆ కేజన్ స్టీక్ బైట్స్, అవి వాళ్ళు మాంసంతో చేశారు, మనకి కోనం చేప చాలు. ముల్లు తీసి, బొటనవేలంత ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టాను. తడి లేకుండా గుడ్డతో అద్ది, గాజు సీసాలో నేను కలిపిన కారం, మిరియాల పొడి పట్టించు. ఉప్పు అందులోనే ఉంది, మళ్ళీ వెయ్యకు. పెనంలో నూనె బాగా కాలాకే ముక్కలు వెయ్యి. రెండు నిమిషాలు కెలక్కు. నీ చేతులు ఊరుకోవని తెలుసు, జేబులో పెట్టుకో. చివర్లో వెన్నా, దంచిన వెల్లుల్లీ వేసి వెంటనే దించెయ్యి. వెల్లుల్లి మాడిందో, పెనం నువ్వే తోముతావు.

ఈసారి మీ అమ్మ అడ్డు రాదులే. పోయిన ఆదివారం "పులుసు లేకుండా చేపేంటే, జొరమొచ్చినోళ్ళ తిండిలాగ!" అని నా వెన్నలో చింతపండు రసం పోసేసింది కదా. నేను అరిచిన దగ్గర్నించి ఆవిడ వంటింటి గడప తొక్కలేదు. నాలుగు రోజులుగా అక్కడ నేను తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. హాయిగా ఉంది.

నాగదుర్గ

సగం ముక్కలు పెనంలోనే ఉంచి అత్తని పిలువు. పొయ్యి పక్కన గిన్నెలో చింతపండు నానబెట్టాను. నువ్వే నానబెట్టావని చెప్పు.